బీజ్ రంగు మీద మనవాళ్ల అపోహలు, అసలు సంగతులు

ఒంగోలు నుంచి నెల్లూరు దాకా ఇళ్లకు రంగులు వేయించడమే నా పని. ఈమధ్య హాలుకి ఎక్కువమంది అడుగుతున్నది ఒకటే రకం: మరీ తెలుపు వద్దు, మరీ పసుపూ వద్దు, క్రీమ్‌లాగా, గంధంలాగా కళగా ఉండాలి. షాపువాళ్లు దాన్నే వార్మ్ బీజ్ అంటారు. అడగడం తేలికే గానీ, పని అయిపోయాక ఫోన్లు ఎక్కువ వచ్చేది కూడా ఈ రంగు వేయించుకున్నవాళ్ల నుంచే. ముదురు నీలం వేయించుకున్నవాళ్లు గొణగడం నేను వినలేదు. ఎందుకిలా అవుతుందో, జనంలో తిరిగే మాటలు పట్టుకునే చెప్తాను.

అపోహ: బీజ్ సేఫ్ కలర్, ఏ షేడ్ వేసినా తేడా రాదు

తేడా వచ్చేదే ఇందులో. షాపులో రంగు కలిపే మిషన్ దగ్గర కాసేపు నిలబడి చూడండి. తెల్ల బేస్‌లో, అంటే రంగు కలపడానికి వాడే మూల పెయింట్‌లో, పడేది ముఖ్యంగా ఎల్లో ఆక్సైడ్, రెడ్ ఆక్సైడ్, కొంచెం నలుపు. ఎరుపు కాస్త ఎక్కువైతే గోడ గులాబీ కొడుతుంది. ఎరుపు తగ్గిపోయి పసుపు, నలుపు మిగిలితే ఆకుపచ్చ కొడుతుంది, ఎందుకంటే పసుపులో నలుపు కలిస్తే వచ్చేది ఒక రకం ఆకుపచ్చే. నలుపు ఎక్కువైతే బూడిద తేలుతుంది. డబ్బాలో చూసినప్పుడు ఇవన్నీ క్రీమ్ లాగే ఉంటాయి, నాలుగు గోడలకీ ఎక్కాక అసలు గుణం బయటపడుతుంది. "ఏందన్నా, నేను చెప్పింది క్రీమ్ కదా, ఇది రోజా రంగు కొడతా ఉంది" అనేది అప్పుడే. టంగుటూరు, కొండపి వైపు పొగాకు గ్రేడింగ్ చేసే ఆడవాళ్లకి ఈ విషయం ఎవరూ చెప్పక్కర్లేదు. మనకు ఒకే ఎండుటాకులా కనిపించేదాన్ని వాళ్లు నిమ్మ రంగు, నారింజ రంగు, గోధుమ రంగు అని చకచకా విడదీసేస్తారు.

మనకు అంత కన్ను లేదు కాబట్టి ఒక చిన్న పని చేయండి. షేడ్ ముక్క పక్కన తెల్ల ఏ4 కాగితం పెట్టండి, దాని పక్కనే ఇంకో రెండు బీజ్ షేడ్లు పెట్టండి. ఒక్కదాన్నే చూస్తే తెలియనిది పక్కన ఇంకోటి ఉంటే వెంటనే తెలిసిపోతుంది. నన్నడిగితే మన ఇళ్లకు గులాబీ కొట్టేవాటి కంటే, పసుపులో రవ్వంత బూడిద కలిసినవే ఎక్కువ కాలం విసుగు పుట్టకుండా ఉంటాయి.

అపోహ: ముందు గోడ రంగు అనుకుని, దానికి తగ్గ టైల్స్ తెచ్చుకోవచ్చు

తలకిందుల లెక్క ఇది. బీజ్ షేడ్లు షాపులో వందల్లో ఉంటాయి, మీకు నచ్చిన ధరలో దొరికే టైల్ డిజైన్లు పదో పదిహేనో. మార్చడానికి వీలున్నదాన్ని చివరకు పెట్టుకోవాలి. పైగా నున్నటి వెట్రిఫైడ్ టైల్ మీద పడ్డ వెలుతురు ఎగిరి గోడ కింది భాగానికి కొడుతుంది, టైల్‌లో గులాబీ జీర ఉంటే గోడ మీద కూడా అది తెలుస్తుంది. క్రీమ్ టైల్, క్రీమ్ గోడ కదా కలిసిపోతాయి అనుకుంటారు. ఒకటి గులాబీ క్రీమ్, ఇంకోటి పసుపు క్రీమ్ అయితే రెండింట్లో ఒకటి మాసినట్టు కనిపిస్తుంది, మాసినట్టు కనిపించేది ఎక్కువగా గోడే.

మన వైపు ఇంకో రెండు చూసుకోవాలి. ఒకటి చీమకుర్తి గెలాక్సీ గ్రానైట్. నల్లరాతిలో ఆ బంగారు చుక్కలుంటాయే, మెట్లకో కిచెన్ గట్టుకో అది వేసి ఉంటే, బంగారు ఛాయ ఉన్న బీజ్ దాని పక్కన బ్రహ్మాండంగా కుదురుతుంది, గులాబీ బీజ్ మాత్రం పొసగదు. రెండోది టేకు తలుపులు. పాలిష్ పడ్డాక టేకు నారింజ వైపు వెళ్తుంది, దాని చుట్టూ పసుపు బీజ్ వేస్తే హాలంతా పసుపు మయం. అక్కడ బూడిద కలిసిన బీజ్ వేసి చూడండి, తలుపు అందం కూడా తేలుతుంది.

అపోహ: షేడ్ కార్డులో నచ్చితే చాలు, లేదంటే ఫోన్‌లో ఫొటో చూపిస్తే చాలు

ఫోన్ సంగతి మర్చిపోండి. కెమెరా తెలుపుని తనకు తోచినట్టు సర్దేసుకుంటుంది, స్క్రీన్ ఇంకొంత మారుస్తుంది. కార్డులో ఉండేది వేలెడంత ముక్క. అదే రంగు నాలుగు గోడలకీ పడి, ఒక గోడ వెలుతురు ఇంకో గోడ మీదికి కొడుతుంటే కార్డులో కంటే గట్టిగా కనిపిస్తుంది. నచ్చిన షేడ్ కంటే ఒక మెట్టు లేతది కూడా శాంపిల్‌కి తెప్పించమని నేను చెప్పేది అందుకే.

శాంపిల్ డబ్బా తెచ్చి, తెల్ల ప్రైమర్ (రంగుకి ముందు వేసే పూత) కొట్టిన ప్లైవుడ్ ముక్క మీదో మందపాటి అట్ట మీదో రెండు కోటింగ్‌లు వేయండి, కనీసం రెండడుగుల పొడవు, వెడల్పు ఉండాలి. పాత గోడ మీద నేరుగా వేయొద్దు, పాత రంగు చుట్టూ ఉంటే కన్ను మోసపోతుంది. తడిగా ఉన్నప్పుడు తీర్పు చెప్పొద్దు, ఎమల్షన్ (నీళ్లతో పలచన చేసే గోడ రంగు) ఆరాక సాధారణంగా ఒక పిసరు ముదురుతుంది. ఆ ముక్కని పొద్దున్నే కిటికీ పక్కన, మధ్యాహ్నం మూడింటికి పడమటి గోడకి, రాత్రి లైట్లన్నీ వేసి టీవీ వెనకాల పెట్టి చూడండి. తూర్పు వాకిలి ఇంట్లో పొద్దున బంగారంలా ఉన్న రంగు, ఉత్తరం కిటికీ మాత్రమే ఉన్న పడగ్గదిలో పాలిపోయినట్టు ఉండొచ్చు. సందుల్లో ఇళ్లయితే పక్కింటి గోడ రంగు కూడా లెక్కలోకి తీసుకోవాలి. పక్కింటాయన ఆకుపచ్చ కొట్టించాడంటే మీ కిటికీలోంచి వచ్చే వెలుతురు కూడా అదే.

అపోహ: రంగు బాగుంటే లైట్లు ఏవైనా పర్లేదు

నాకు బాగా ఒళ్లు మండే మాట ఇది. వేలకు వేలు పోసి వార్మ్ బీజ్ వేయించుకుని, గృహప్రవేశం ముందు రోజు ఎలక్ట్రీషియన్ తెచ్చిన 6500 కెల్విన్ తెల్ల లైట్లు పెట్టించేస్తారు. కెల్విన్ అంటే లైటు ఛాయ చెప్పే అంకె, పెరిగేకొద్దీ నీలం వైపు, తగ్గేకొద్దీ పసుపు వైపు. ఆ లైట్‌లో నీలం పాలు ఎక్కువ, గోడలోని పసుపు చచ్చిపోయి సిమెంట్ కళ వచ్చేస్తుంది. తప్పు పెయింటర్ మీద పడుతుంది. 3000 కెల్విన్ లైట్ పెడితే అదే గోడ నిండుగా ఉంటుంది. ఇంట్లో పెద్దవాళ్లు "పసుపు లైటేందిరా, పేపర్ కనపడి చావదు" అంటారు, వాళ్లదీ న్యాయమే. అప్పుడు హాలుకి 4000 తీసుకోండి, సీలింగ్ చుట్టూ స్ట్రిప్ మాత్రం 3000 పెట్టండి. బల్బు డబ్బా మీద సీఆర్‌ఐ అని కూడా ఉంటుంది, 90 ఉన్నవి దొరికితే కొంచెం ధర ఎక్కువైనా అవే మేలు, రంగులు ఉన్నవి ఉన్నట్టు కనిపిస్తాయి.

అపోహ: లేత రంగు వేస్తే చీకటి గది వెలుగైపోతుంది

కొంతవరకే. షేడ్ వివరాల్లో ఎల్‌ఆర్‌వీ అని ఒక అంకె ఉంటుంది, కటిక నలుపుకి 0, స్వచ్ఛమైన తెలుపుకి 100. పడ్డ వెలుతురులో గోడ ఎంత తిప్పి పంపుతుందో అది చెప్తుంది. పడేదే లేకపోతే తిప్పి పంపేదేముంది? కిటికీ లేని నడిమి గదికి లేత బీజ్ వేస్తే దిగులుగా ఉంటుంది. అలాంటి గదికి ముందు లైట్లు పెంచండి.

అపోహ: వార్మ్ కలర్ వేస్తే రోహిణీ కార్తెలో ఇల్లు ఉడికిపోతుంది

లోపలి గోడ బీజ్ అయినా తెలుపైనా వేడిలో మీకు తెలిసేంత తేడా ఉండదు. ఇల్లు ఉడికించేది స్లాబు, పడమటి ఎండ. ఆ డబ్బు డాబా మీద తెల్ల కూల్ కోటింగ్‌కి పెట్టండి.

అపోహ: బీజ్ అయితే మరకలు, చెమ్మ కనపడవు

దుమ్ము వరకు నిజం. కనిగిరి, పొదిలి వైపు ఎర్రదుమ్ము తెల్లగోడ మీద కంటే దీని మీద తక్కువ తెలుస్తుంది. స్విచ్‌బోర్డు చుట్టూ చేతి మరకలు, దివాన్ వెనక తల నూనె మాత్రం బాగానే కనపడతాయి, అక్కడ కడగడానికి వీలైన ఎమల్షన్ ఉండాలి. అలాగని మరీ మెరిసేది వద్దు, లప్పం పెట్టినప్పుడు మిగిలిన ప్రతి ఎత్తుపల్లం సాయంత్రం లైట్‌లో లెక్కపెట్టుకోవచ్చు.

చెమ్మ దగ్గర ఏ రంగూ పనికిరాదు. మన దగ్గర అసలు వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, సంక్రాంతికి రంగులు వేయించాలనే తొందర కూడా సరిగ్గా అప్పుడే. తడి గోడ మీద బీజ్ వేస్తే కింద మూరెడు మేర ముదురు చారలు పడతాయి, తర్వాత ఉప్పు తేలి లప్పంతో సహా రేకులు లేస్తుంది. కొత్త ప్లాస్టరింగ్ అయితే కనీసం 28 రోజులు ఆగాలి, ముసురు పడితే ఇంకా ఎక్కువే. ముహూర్తం దగ్గరపడిందంటారా, ప్రైమర్ వరకు వేసి ఇంట్లో దిగండి, రంగు మాఘమాసంలో వేసుకోవచ్చు.

అపోహ: అదే షేడ్ నంబర్ ఇంకో కంపెనీ రంగులో కలిపించినా ఒకటే

బేస్ వేరు, అందులో పడే రంగులు వేరు. దగ్గరగా వస్తుంది గానీ అదే రాదు, బీజ్‌లో ఆ కొంచెం తేడా కూడా తెలిసిపోతుంది. ఒకే కంపెనీలో కూడా రెండుసార్లు కలిపించిన బకెట్లకి పిసరు తేడా రావచ్చు కాబట్టి, హాలుకి కావాల్సిందంతా ఒకేసారి కలిపించి, పెద్ద డ్రమ్ములో పోసి కలిపాకే రోలర్ ముంచమనండి. పని అయ్యాక ఒక లీటరు మూత బిగించి దాచుకోండి, మూత మీది స్టిక్కర్‌ని ఫొటో తీసుకోండి. మేకు తీసిన చోట టచప్ చేస్తే మచ్చలా కనిపిస్తోందంటే, ఆ గోడ వరకు ఈ మూల నుంచి ఆ మూల దాకా ఒక కోటింగ్ లాగించేయడమే.