వేదిక మీద పిల్లల చేత ఏం పాడించాలి: అపోహలు - వాస్తవాలు

త్యాగరాజ ఆరాధన జరిగే పుష్య బహుళ పంచమి దగ్గరపడితే చాలు, నా దగ్గర సంగీతం నేర్చుకునే పిల్లల తల్లిదండ్రులు నన్ను అడిగేది ఒకటే. "ఈసారి ఆరాధనలో మా అమ్మాయి చేత పెద్ద కృతి పాడించండి, టీచర్‌గారూ!"

అపోహ: పెద్ద కృతి పాడితేనే విద్య వచ్చినట్టు.
వాస్తవం: మనది విజయనగరం. 1919లో మొదలైన సంగీత కళాశాలలో హరికథా పితామహుడు ఆదిభట్ల నారాయణదాసుగారు, వయొలిన్ విద్వాంసుడు ద్వారం వెంకటస్వామినాయుడుగారు పాఠం చెప్పిన ఊరు. ఇక్కడి శ్రోత కృతి పేరు కన్నా ముందు శ్రుతి వింటాడు, అంటే గొంతు ఆధార స్వరంతో కలిసిందా లేదా అని చూస్తాడు. శ్రుతిలో నిలిచిన మోహన రాగ వర్ణం, కృతుల కన్నా ముందు నేర్పే అభ్యాసపు పాట, అదొక్కటి చాలు, సభ తల ఊపుతుంది.

అపోహ: గోష్ఠిలో, అంటే అందరితో కలిసి, త్యాగరాజు పంచరత్న కృతులు పాడుతోంది కదా, ఒక్కతే పాడలేకపోతుందా?
వాస్తవం: నన్ను బాధపెట్టే అపోహ ఇదే. గోష్ఠిలో పిల్ల ఊపిరి తీసుకునేటప్పుడు పక్కవాళ్లు పాటను మోస్తారు. మరిచిన స్వరాన్ని వాళ్లే అందిస్తారు. ఒకసారి నేనూ మొహమాటానికి పోయి ఒక పదేళ్ల అమ్మాయిని ఒంటరిగా కూర్చోబెట్టాను. చరణం మధ్యలో తాళం వేస్తున్న చెయ్యి తొడ మీద ఆగిపోయింది. ఆదుకునే గొంతు కోసం పక్కకు తిరిగి చూసింది. ఆ చూపు నేను మరిచిపోలేదు. అప్పటినుంచి పుస్తకం మూయించి, తంబురా ఒక్కటే పెట్టి, మధ్యలో ఆపి "అనుపల్లవి నుంచి అందుకో" అంటాను; పల్లవి తర్వాత వచ్చే భాగం అది. తడుముకోకుండా అందుకుంటేనే ఆ పాట వేదికకు. అలా వచ్చేది సాధారణంగా నిరుడు నేర్చుకున్న పాటే, నిన్నటి పాట కాదు.

అపోహ: నెమ్మదిగా సాగే పాట సులువు.
వాస్తవం: చౌకకాలంలో, అంటే నెమ్మది నడకలో, తాళం దెబ్బకూ దెబ్బకూ మధ్య ఖాళీని గమకంతో, స్వరాన్ని ఊపి పలికిస్తూ, నింపాలి. చిన్న గొంతు అక్కడే వణుకుతుంది. హంసధ్వని వంటి రాగంలో మధ్యమకాల కృతి, అంటే కాస్త వేగంగా నడిచేది, పిల్లలకు నయం.

అపోహ: శ్రుతి పెంచితే పాట రక్తి కడుతుంది.
వాస్తవం: తారస్థాయిలో అరిస్తే రక్తి రాదు. గొంతు మారుతున్న మగపిల్లలకు శ్రుతి తగ్గించాలి, పైస్థాయి తక్కువగా ఉన్న పాట ఇవ్వాలి. అందులో నామోషీ ఏమీ లేదు.

పిల్లలతో ఏ పాట పాడించాలన్న మాట దసరాలోపే నాతో మాట్లాడండి. సంక్రాంతి సెలవుల్లో కొత్త పాట మొదలుపెట్టించను.