ఆ కారు దగ్గడం లేదు, తాళం వేస్తోంది

మా చెల్లెలి కొడుకు అమెరికాలో డెట్రాయిట్ పక్కన ట్రాయ్ అనే ఊళ్ళో ఉంటాడు. ఆగస్టులో ఓ ఆదివారం పొద్దున్నే లేచి చూస్తే వాట్సాప్‌లో వాడు పంపిన వీడియో ఉంది. వుడ్‌వర్డ్ అవెన్యూ మీద ఎర్రలైటు దగ్గర ఆగిన 1969 కెమారో, షెవర్లే కంపెనీ కారు, నారింజ రంగుది. ఆగిన కారే, అయినా బానెట్టు ఊగుతోంది. శబ్దం "బడబడ... బడ్... బడబడ". కింద వాడి ప్రశ్న: "మామయ్యా, ఈ కారుని ఇలా చేయించడానికి ఓనరుకి పదేళ్ళు పట్టిందంట. ఇంత చేసి ఇలా దగ్గుతుందేంటి? ట్రబులేమైనా ఉందా అని అడిగితే పడీపడీ నవ్వాడు."

నవ్వడూ మరి! డబ్బు పోసిందే ఆ దగ్గు కోసం.

వుడ్‌వర్డ్ మీద ఈ పాత కార్ల జాతర 1995 నుంచి ఏటా ఆగస్టు మూడో శనివారం జరుగుతోంది. 1960ల్లో అదే రోడ్డు మీద కుర్రాళ్ళు లైటు పచ్చగా మారగానే దొంగచాటుగా పందేలు వేసుకునేవారు. ఆ రోజుల కార్లే మజిల్ కార్లు. మధ్యరకం కారులో పెద్దకారు ఇంజన్ దూర్చడమే వాటి సూత్రం. 1964లో పాంటియాక్ జీటీఓతో ఈ మోజు ఊపందుకుంది. మధ్యరకం కార్లలో 330 క్యూబిక్ అంగుళాల కంటే పెద్ద ఇంజన్ పెట్టకూడదని పాంటియాక్ మాతృసంస్థ జనరల్ మోటార్స్‌లో నియమం ఉండేది. పాంటియాక్ చీఫ్ ఇంజనీరు జాన్ డెలోరియన్, ఆయన మనుషులూ 389 అంగుళాల ఇంజన్‌ని కొత్త మోడల్‌గా కాకుండా "ఎక్స్‌ట్రా ఆప్షన్"గా చూపించి నియమం పక్కనుంచి జారుకున్నారు. ఇక చరిత్ర చాలు. నాకు శబ్దం ముఖ్యం.

నాలుగు స్ట్రోకుల సంగతి పదో తరగతి దగ్గరే వదిలేద్దాం. వీ8 ఇంజన్‌లో ఎడమవైపు నాలుగు సిలిండర్లు, కుడివైపు నాలుగు. పిస్టన్ల ఎగుడుదిగుడుని తిరుగుడుగా మార్చే ఇరుసు, క్రాంక్‌షాఫ్ట్, రెండు చుట్లు తిరిగేలోగా ఎనిమిదీ ఒక్కోసారి పేలతాయి. 720 డిగ్రీల్లో ఎనిమిది పేలుళ్ళు, అంటే 90 డిగ్రీలకొకటి. లెక్కలో తేడా లేదు, గడియారంలా సమానం. అలాంటప్పుడు తడబాటు ఎక్కడిది?

పాత షెవర్లే వీ8లో పేలే వరస 1-8-4-3-6-5-7-2. బేసి అంకెలు ఎడమ వరసవి, సరి అంకెలు కుడి వరసవి. ఈ ఇంజన్‌ని మృదంగం అనుకోండి. ఎడమవైపు "ధోం", కుడివైపు "తక్". పై వరసని వాయిస్తే ఇలా వస్తుంది:

ధోం తక్ తక్ ధోం తక్ ధోం ధోం తక్

చదివి వదిలేయకండి, బల్ల మీద రెండు చేతులతో వాయించి చూడండి. ఎనిమిది అక్షరాలు, ఆదితాళం లెక్కే. దెబ్బకీ దెబ్బకీ మధ్య ఎడం సమానంగానే ఉంటుంది. ఇప్పుడు కుడిచెయ్యి గాల్లోనే ఆడించి, ఎడమచేతి దెబ్బలు మాత్రం బల్ల మీద పడనివ్వండి. ధోం, ఖాళీ, ఖాళీ, ధోం, ఖాళీ, ధోం, ధోం, ఖాళీ. ఎడాలు 3-2-1-2. డిగ్రీల్లో 270, 180, 90, 180. కుడిచేతి సంగతీ అంతే, మొదలయ్యే చోటే వేరు. రెండు చేతులూ కలిస్తే నడక తిన్నగా ఉంటుంది, ఏ చెయ్యికి ఆ చెయ్యి వింటే కుంటి నడక.

మజిల్ కారులో రెండు చేతుల్నీ కలవనివ్వరు. ఎడమ నాలుగింటికీ ఒక పొగగొట్టం, కుడి నాలుగింటికీ ఇంకోటి. మృదంగానికి నడిమధ్యన గోడ కట్టి, వినేవాణ్ణి ఒక పక్కన కూర్చోబెట్టినట్టు.

ఇంకో లెక్క చూడండి, నాకు ఇది మరీ ఇష్టం. నిమిషానికి 750 చుట్ల ఐడ్లింగ్‌లో, అంటే బండి ఆగి ఇంజన్ మాత్రం తిరుగుతున్నప్పుడు, సెకనుకు పన్నెండున్నర చుట్లు, 50 పేలుళ్ళు. ఎనిమిదీ ఒకే గొట్టంలోంచి ఒకే తీరుగా వస్తే చెవికి విడివిడిగా అందవు, "ఝుం" అని తుమ్మెద పాట అయిపోతుంది. కానీ కుంటి నడక మళ్ళీ మొదటికి వచ్చేది రెండు చుట్లకొకసారి, అంటే సెకనుకు ఆరుంపావు సార్లు. ఆ వేగాన్ని చెవి పట్టుకుంటుంది. మన బుల్లెట్ బండి ఒంటి సిలిండర్ కూడా రెండు చుట్లకొకసారే పేలుతుంది. అదే 750 మీద దాని "డుబ్ డుబ్" కూడా సెకనుకు ఆరుంపావే! స్ప్లెండర్ లాంటివి 59 కలిపితే వచ్చేంత 5.7 లీటర్ల ఇంజన్, బుల్లెట్ లయలో గుటకలు వేయడం అందుకే.

ఈ లెక్క నిజమని నిరూపించిన పాత ప్రయోగం ఒకటుంది. ఫోర్డ్ జీటీ40 రేసు కార్లలో 289 అంగుళాల ఇంజన్‌కి ఎడమ గొట్టాలు రెండు కుడివైపుకీ, కుడి గొట్టాలు రెండు ఎడమవైపుకీ అల్లి పంపారు. దాన్ని పాముల కట్ట అనేవారు. చూడ్డానికీ అలాగే ఉంటుంది. అలా అల్లడంతో ఒక్కో చివరకి సరిగ్గా 180 డిగ్రీలకొక పేలుడు చేరింది. గుటకలు మాయమై, ఫెరారీలా కీచుమనే గొంతు వచ్చింది.

ఇంతకీ ఈ అడ్డదిడ్డం వరస ఎవరు పెట్టారు? కాడిలాక్. అదీ ప్రయాణం మెత్తగా ఉండాలని! ఇక్కడ కొంచెం ఓపిక పట్టండి.

పిస్టన్ కిందికి దిగేటప్పుడు మొదటి పావు చుట్టులో సగం దూరమే వెళుతుందని అనుకుంటాం. వెళ్ళదు. 350 అంగుళాల (అంటే ఆ 5.7 లీటర్ల) షెవర్లేలో స్ట్రోకు, అంటే పిస్టన్ పైనుంచి కిందికి తిరిగే దూరం, 88.4 మిల్లీమీటర్లు, పిస్టన్‌ని క్రాంక్‌కి కలిపే కనెక్టింగ్ రాడ్డు 144.8. రాడ్డు పక్కకి వాలడం వల్ల పిస్టన్ మొదటి పావు చుట్టులోనే 51 మిల్లీమీటర్లు దిగిపోతుంది, రెండో పావులో మిగిలిన 37 దిగుతుంది. పై సగం పరుగు, కింది సగం నడక. ఈ తేడా వల్ల క్రాంక్ వేగానికి రెట్టింపు వేగంతో ఇంకో అదురు పుడుతుంది. 1914లో వచ్చిన కాడిలాక్ తొలి వీ8లో క్రాంక్ బల్లపరుపుగా, చివరనుంచి చూస్తే ఒకే గీతలా ఉండేది. అందులో నాలుగు పిస్టన్ల అదురు ఒకేసారి ఒకే వైపుకి పడేది, కారు అడ్డంగా వణికేది. 1923లో క్రాంక్‌ని శిలువ ఆకారానికి మార్చారు. 0, 90, 270, 180 డిగ్రీల దగ్గర నాలుగు మోచేతులు. రెట్టింపు వేగం అదురు కదా, ఆ కోణాల్నీ రెట్టింపు చేయండి: 0, 180, 540, 360. అంటే పైకి, కిందికి, కిందికి, పైకి. రద్దు! మిగిలిన ఊపుని క్రాంక్‌కి తగిలించిన బరువులు చూసుకుంటాయి.

నాలుగు మోచేతులూ నాలుగు దిక్కులకి పోయాక, ఒక వైపు సిలిండర్లు సమానమైన ఎడంతో పేలే వీల్లేదు. కారులో కూర్చున్న దొరసానికి కుదుపు తెలియకూడదని చేసిన మార్పు, నలభై ఏళ్ళ తర్వాత రౌడీ కారు గొంతయింది.

అయితే మావాడి వీడియోలో బానెట్టు ఊగడానికి ఇది కారణం కాదు. అది వాల్వుల్ని తెరిచే ఇరుసు, కామ్‌షాఫ్ట్ పని.

డిప్లొమాలో మాకు వాల్వుల బొమ్మ వేయించేవారు. పిస్టన్ పైకి చేరగానే పొగని బయటికి పంపే ఎగ్జాస్ట్ వాల్వు మూసుకుంటుంది, సరిగ్గా ఆ క్షణమే గాలిని లోపలికి తెచ్చే ఇన్‌టేక్ తెరుచుకుంటుంది. పది మార్కులు. అలా నడిచే ఇంజన్ నాకు ఇంతవరకూ ఏ షెడ్డులోనూ తగల్లేదు. నిజానికి రెండు వాల్వులూ కాసేపు కలిసి తెరిచే ఉంటాయి. ఒక్కో వాల్వు 260 డిగ్రీలు తెరిచి ఉండి, కామ్ మీద వాల్వుల్ని తోసే రెండు గుబ్బల (లోబ్‌ల) మధ్య కోణం 112 అయితే ఆ "కలిసి ఉండడం" 36 డిగ్రీలు. కస్టమ్ కారులో 300 డిగ్రీలు, 108 కోణం ఉన్న కామ్ వేశారనుకోండి, అది 84 డిగ్రీలు. నిమిషానికి 6,000 చుట్ల దగ్గర 84 డిగ్రీలంటే 2.3 మిల్లీసెకన్లే. బయటికి దూసుకెళ్ళే పొగ తన వెనకే కొత్త గాలిని లాక్కొస్తుంది, ఇంజన్ రెచ్చిపోతుంది. అదే 750 దగ్గర దాదాపు 19 మిల్లీసెకన్లు రెండు తలుపులూ బార్లా తెరిచి ఉంటాయి. ఐడ్లింగ్‌లో ఇన్‌టేక్ వైపు గాలి బాగా పలచన, పొగ వైపు మామూలు ఒత్తిడి. ఇంకేముంది, పల్లెవెలుగు బస్సు వెనక తలుపులోంచి దిగినవాళ్ళే మళ్ళీ పైకి ఎక్కేస్తారు.

పొగ కలిసిన గాలి సరిగా మండదు. ఒకసారి పేలుడు నీరసంగా వస్తుంది. మండని పెట్రోలు లోపలే మిగిలి తర్వాతి వంతులో కలుస్తుంది, అప్పుడు గట్టిగా పేలుతుంది. నీరసం, జోరు, నీరసం. ఇంజన్ ఊగుతుంది, వెనక నిలబడ్డవాడికి పెట్రోలు వాసనకి కళ్ళు మండుతాయి. ఇన్‌టేక్‌లో గాలి ఒత్తిడి సరిగా తగ్గక, ఆ పలచదనం మీద ఆధారపడే పవర్ బ్రేకు పెడల్ రాయిలా గట్టిపడుతుంది. కొందరు బ్రేకుల కోసం విడిగా వాక్యూమ్ పంపు పెట్టించుకుంటారు. పోనీ మెత్తటి కామ్ వేసుకోవచ్చుగా అంటే, ఛ, అది గుటకలు వేయదు కదా అంటారు! కేవలం ఆ తడబాటు కోసమే కోణం తగ్గించి చెక్కిన కామ్‌లు బజారులో దొరుకుతాయి. ఊగితేనే పవర్ ఉన్నట్టని నమ్మకం. ఇది నాకు సైలెన్సర్ పీకేసి బండి రైజ్ చేసే మన కుర్రాళ్ళని గుర్తుకు తెస్తుంది. నమ్మకాలకేం, మనం కొత్త కారు చక్రాల కింద నిమ్మకాయలు పెడతాం, అమెరికా రేసు జట్లలో పాతకాలం వాళ్ళకి పిట్‌లో, అంటే రేసు నడుమ కారు ఆపే చోట, వేరుశనక్కాయ పొట్టు కనిపిస్తే గుండె గుభేలుమనేది. ఆకుపచ్చ కారన్నా అంతే.

ఈ పాత కార్ల భక్తుల్లో రెండు శాఖలున్నాయి. ఫ్యాక్టరీ ఇంజన్ మీది నంబరు కారు నంబరుతో కలవాలనేవాళ్ళు ఒకరు. పాత రేకుల కింద కొత్త ఇంజన్, కొత్త బ్రేకులు, కొత్త సస్పెన్షన్ పెట్టేవాళ్ళు రెండోవాళ్ళు, ఈ పద్ధతికి రెస్టోమాడ్ అని పేరు. నా ఓటు రెండోవాళ్ళకే. నడవని కారుకి నంబర్లు కలిస్తే ఏం లాభం? 1997లో షెవర్లే కార్వెట్‌తో వచ్చిన ఎల్ఎస్ ఇంజన్ అయితే వీళ్ళకి ఇంటి దేవుడే. దాని పేలే వరస 1-8-7-2-6-5-4-3. సిలిండర్లు వేరు. కానీ ధోం, తక్‌లలో రాసి, మూడో అక్షరం నుంచి చదవండి, పాత తాళమే మళ్ళీ వస్తుంది. మొదటిసారి కాగితం మీద అది కనిపించిన రోజు మా ఆవిడని పిలిచి మరీ చూపించాను. "పాలు పొంగుతున్నాయి" అంది.

ఇదంతా మావాడికి వాయిస్ మెసేజ్‌లో చెప్పి, ఓనరు కనిపిస్తే ఎడమ గొట్టం దగ్గర ఒకటి, కుడి గొట్టం దగ్గర ఒకటి రికార్డు చేసి, వేగం పావు వంతుకి తగ్గించి 3-2-1-2 లెక్కపెట్టమన్నాను. మూడు వారాలకి జవాబు వచ్చింది. "మామయ్యా, రెండూ ఒకేలా ఉన్నాయి. కింద దూరి చూశాను. నడుమ రెండు గొట్టాలూ కలిసి ఇంటూ గుర్తులా ఉంది."

ఎక్స్ పైపు. గోడకి కిటికీ పెట్టాడన్నమాట. ఇటు దెబ్బ అటు, అటు దెబ్బ ఇటు వినిపిస్తుంది. కిటికీ లేని కారు ఇంకోటి వెతకమన్నాను.