ఆకాశ సర్వేకు టెలిస్కోప్ ఒక్కటే చాలదు: సహాయక వనరుల మీద అపోహలు - వాస్తవాలు

చిలీలోని సెర్రో పచోన్ కొండ మీది వేరా రూబిన్ అబ్జర్వేటరీ పేరు ఎత్తగానే 8.4 మీటర్ల అద్దం, 3.2 గిగాపిక్సెళ్ల కెమెరా గుర్తొస్తాయి. ఆకాశాన్ని పదే పదే ఫొటో తీసే దాని పదేళ్ల సర్వే ఫలితం మాత్రం వాటి చుట్టూ ఏం సిద్ధం చేసుకున్నామన్న దాన్ని బట్టే ఉంటుంది. ప్రణాళిక వేసేటప్పుడు తరచూ దారి తప్పించే అపోహలు ఇవి.

అపోహ: సర్వేలో కనిపించిందంటే అదేమిటో తెలిసిపోయినట్టే.

వాస్తవం: ఫొటోలో తెలిసేది చోటు, వెలుగు, రంగు. సూపర్‌నోవా (తార పేలుడు) ఏ రకమో ఖాయం చేయాలంటే స్పెక్ట్రం, అంటే కాంతిని రంగులుగా విడదీసిన వర్ణపటం, తీయాలి. చిక్కంతా అక్కడే. రూబిన్ 30 సెకన్ల ఎక్స్‌పోజర్‌తో ఎరుపు ఫిల్టర్‌లో సుమారు 24.5 మాగ్నిట్యూడ్ (వెలుగు కొలత; అంకె పెరిగేకొద్దీ వస్తువు మసక) దాకా చూస్తుంది. స్పెక్ట్రోగ్రాఫ్ అదే కాంతిని సన్నని ముక్కలుగా పరిచేస్తుంది కాబట్టి ఒక్కో ముక్కకు అందేది చాలా తక్కువ. ఆకాశపు నేపథ్య కాంతే అడ్డంకి అయినప్పుడు, వస్తువు ఒక మాగ్నిట్యూడ్ మసకబారితే ఎక్స్‌పోజర్ 6.3 రెట్లు, రెండైతే దాదాపు 40 రెట్లు పెరగాలి. 21వ మాగ్నిట్యూడ్‌కు అరగంట తీసుకునే పరికరం 23వ దానికి 20 గంటలు అడుగుతుంది! అందుకే ఏ ప్రశ్నకు, ఏ మాగ్నిట్యూడ్ దాకా, ఎన్ని స్పెక్ట్రాలు కావాలో ముందే రాసుకోవాలి. ‘వీలైనన్ని’ అని రాస్తే అది ప్రణాళిక కాదు.

అపోహ: ఆకాశంలో ఏదో మారిందన్న అలర్ట్ వచ్చాక టెలిస్కోప్ టైం అడగొచ్చు.

వాస్తవం: టైం కేటాయింపు నెలల ముందే అయిపోతుంది. న్యూట్రాన్ తారలు కలిసిపోయినప్పుడు వెలిగే కిలోనోవా నీలి కాంతి ఒకటి రెండు రోజుల్లో తగ్గిపోతుంది. అత్యవసర గంటలు ముందే మంజూరు చేయించుకోవాలి. ఎంత వెలుగు దాటితే ట్రిగ్గర్ చేయాలి (ఆ గంటలు వాడుకోవాలి), ఏ గ్రేటింగ్ (కాంతిని రంగులుగా విడదీసే పలక) వాడాలి, అర్ధరాత్రి నిర్ణయం ఎవరిది అన్నవి కాగితం మీద ఉండాలి. ఇంకొకటి చాలామంది మరిచిపోతారు: కొత్త చిత్రంలోంచి పాతదాన్ని తీసివేస్తేనే మార్పు బయటపడుతుంది. ఆ ప్రాంతానికి, ఆ ఫిల్టర్‌లో పాత చిత్రం లేకపోతే అలర్టే రాదు.

అపోహ: ఇక చిన్న టెలిస్కోపులకు పని లేదు.

వాస్తవం: సుమారు 16వ మాగ్నిట్యూడ్ కంటే వెలుగైనవి రూబిన్ పిక్సెళ్లను నింపేస్తాయి, అప్పుడు వెలుగు సరిగ్గా కొలవలేం. అన్నిటికంటే దగ్గరి సూపర్‌నోవాలు, అంటే వివరంగా చదవదగ్గవి, చిన్నవాటి వాటాకే వస్తాయి. 2017 ఆగస్టు 17న గురుత్వ తరంగాలు పంపిన న్యూట్రాన్ తారల విలీనపు వెలుగును సుమారు 11 గంటల తర్వాత ఎన్‌జీసీ 4993 గెలాక్సీలో మొదట పట్టుకున్నది ఒక మీటరు స్వోప్ టెలిస్కోపే. రూబిన్ పక్కనే ఉన్న 1.2 మీటర్ల సహాయక టెలిస్కోప్ పని గాలి ఎంత కాంతిని మింగుతోందో కొలవడం. నీటి ఆవిరి మారితే పరారుణం వైపు ఫిల్టర్ కొలతలు కదిలిపోతాయి మరి.

అపోహ: డిస్కులు కొంటే డేటా సమస్య తీరినట్టే.

వాస్తవం: రాత్రికి దాదాపు 20 టెరాబైట్లు దాచడం తేలికైన భాగమే. ఏటేటా డేటా విడుదలకు మొదటి రాత్రి నుంచీ ఉన్నదంతా మళ్లీ ప్రాసెస్ చేయాలి. ఏడాదికి ఒక వంతు అనుకుంటే పదేళ్లకు పని 10 వంతులు కాదు, 1 నుంచి 10 దాకా కూడితే 55. రాత్రికి కోటి దాకా రావచ్చన్న అలర్టులు కూడా సమంగా పారవు. ప్రతి ఎక్స్‌పోజర్ తర్వాత వేలకు వేలు ఒక్కసారిగా వచ్చిపడతాయి. సగటుకు కట్టిన వ్యవస్థ తారలు కిక్కిరిసిన పాలపుంత తలం దగ్గర వెనకబడిపోతుంది.

అపోహ: ఆరు ఫిల్టర్లతో దూరాలు తెలుస్తాయి, ఇక స్పెక్ట్రా దేనికి?

వాస్తవం: రంగుల నుంచి రెడ్‌షిఫ్ట్ (కాంతి ఎరుపు వైపు ఎంత జరిగిందన్న కొలత, దూరం దీన్నిబట్టే తెలుస్తుంది) తీసే పద్ధతికి శిక్షణ కావాలి, అది స్పెక్ట్రాల నుంచే వస్తుంది. దగ్గరి గెలాక్సీ వర్ణపటంలో బామర్ మెట్టు, చాలా దూరపు గెలాక్సీలో లైమన్ మెట్టు (రెండూ కాంతి ఒక్కసారిగా పడిపోయే చోట్లు) ఒకే ఫిల్టర్‌లో పడితే రెండూ ఒకేలా కనిపిస్తాయి. ఒకేసారి 5,000 ఫైబర్లతో స్పెక్ట్రాలు తీసే డెసి పరికరం ఉన్నది ఉత్తరార్ధగోళంలో, కాబట్టి రూబిన్ ఆకాశంలో కొంత భాగమే దానికి అందుతుంది. శిక్షణ నమూనాను ఒకే చోట కాకుండా దూరదూరంగా ఉన్న ప్రాంతాల నుంచి ఎంచుకోవాలి, లేదంటే ఒక్క గెలాక్సీ గుంపు లెక్కను ఒక పక్కకు లాగేస్తుంది. రెడ్‌షిఫ్ట్ తేలని గెలాక్సీలను జాబితాలోంచి తీసేయకూడదు. అవి యాదృచ్ఛికంగా విఫలమైనవి కావు, ఎక్కువగా మసకవి, దూరపువి. వాటి మాగ్నిట్యూడ్, రంగు, ఎక్స్‌పోజర్ సమయం నమోదు చేసి, పెద్ద టెలిస్కోప్‌తో మళ్లీ చూడటానికి గంటలు కేటాయించి ఉంచుకోవాలి.