‘గవ్’ కనిపించగానే నమ్మొద్దు: వెబ్‌సైట్ ఎక్స్‌టెన్షన్ల మీద అపోహలు - వాస్తవాలు

తిరుపతిలో లాడ్జీలకు, ట్రావెల్స్ వాళ్లకు, కాలేజీలకు వెబ్‌సైట్లు చేసి, డొమైన్ పేర్లు తీసిచ్చే పని నాది. కొత్త కస్టమర్లు తరచూ అడిగే మాట ఒకటుంది: “అన్నా, ఈ డాట్ కామ్‌కి గవర్నమెంటు పర్మిషన్ ఉన్నట్టే కదా?” డాట్ కామ్ అనే ఎక్స్‌టెన్షన్‌కు, అంటే చిరునామా చివరి ముక్కకు, గుర్తింపు ఉంది. దాని కింద ఎవరో తెరిచిన సైటును మాత్రం ఎవరూ చూసి ఒప్పుకోలేదు. ఈ తేడా తెలియక దూరాల నుంచి వచ్చే యాత్రికులు దొంగ సైట్లలో గదులకీ దర్శనానికీ డబ్బు కట్టేస్తున్నారు. ఆ టికెట్ చెల్లదని తీరా కొండెక్కాక తెలుస్తోంది. నాకు బాధ కలిగించేది ఇదే.

అపోహ: డాట్ ఆర్గ్ అంటే ట్రస్టు, డాట్ కామ్ అంటే రిజిస్టరైన కంపెనీ.

అలాంటి నిబంధన లేదు. కామ్, నెట్, ఆర్గ్ మూడూ ఎవరైనా కొనుక్కోవచ్చు. ట్రస్టు డీడు, కంపెనీ సర్టిఫికెట్ అడిగేవాళ్లు ఉండరు. కార్డుతో డబ్బు కడితే నిమిషాల్లో పేరు మీ సొంతమవుతుంది.

2023లో టీటీడీ ఫిర్యాదు చేసిన ఒక నకిలీ సైటు పేరు చూడండి. అప్పటి అసలు చిరునామా ‘తిరుపతిబాలాజీ డాట్ ఏపీ డాట్ గవ్ డాట్ ఇన్’. నకిలీది ‘తిరుపతిబాలాజీ హైఫన్ ఏపీ హైఫన్ గవ్ డాట్ ఆర్గ్’. చదివే కంటికి ఏపీ ఉంది, గవ్ ఉంది. కానీ చుక్కలుండాల్సిన చోట హైఫన్లున్నాయి. హైఫన్‌తో కలిసినదంతా ఒకే పేరు, కొన్నవాడు తనకు నచ్చినట్టు కూర్చుకున్న పేరు. అందులో ‘గవ్’ అన్నది ఉత్త అక్షరాలే. దాని అసలు ఎక్స్‌టెన్షన్ డాట్ ఆర్గ్.

అందుకే చిరునామాను కుడి నుంచి ఎడమకు చదవమని అందరికీ చెబుతాను. కవరు మీద రాష్ట్రం, జిల్లా, ఊరు చివరి నుంచి చూసుకుంటూ పోస్టుమాన్ ఇల్లు పట్టుకున్నట్టే ఇదీ. చివర ‘ఇన్’ ఉంటే భారతదేశపు ఎక్స్‌టెన్షన్. దానికి ఎడమన చుక్క పెట్టి ‘గవ్’ ఉంటే, ఆ పేరు ప్రభుత్వ సంస్థలకే దొరుకుతుంది. దానికి ఎడమన ‘ఏపీ’ ఉంటే మన రాష్ట్ర ప్రభుత్వం. ఆ తర్వాతే సంస్థ పేరు. ఇప్పటి టీటీడీ సైటు ‘టీటీదేవస్థానమ్స్ డాట్ ఏపీ డాట్ గవ్ డాట్ ఇన్’. మొదట్లో ‘హెచ్‌టీటీపీఎస్’ పక్కనుండే జంట గీతలను వదిలేస్తే, ఆ తర్వాత వచ్చే మొదటి స్లాష్ గీత దాటాక ఉన్నదేదీ లెక్కలోకి రాదు. అక్కడ ఎవరైనా ‘గవ్ డాట్ ఇన్’ అని రాసుకోవచ్చు. శ్రీనివాసం, విష్ణు నివాసం గదుల కోసం గూగుల్‌లో వెతికి పైన కనిపించిన ప్రకటన నొక్కేముందు, ఈ కుడి చివర ఒక్కసారి చూడండి.

అపోహ: డాట్ ఇన్ ఉంటే భారత ప్రభుత్వ సైటే.

డాట్ ఇన్ పేర్ల పట్టికను (రిజిస్ట్రీని) చూసేది నిక్సీ. కేంద్ర ఎలక్ట్రానిక్స్, ఐటీ శాఖ కింద 2003లో ఏర్పడిన లాభాపేక్ష లేని కంపెనీ అది. 2005 నుంచి డాట్ ఇన్ అందరికీ తెరిచారు. పుత్తూరులో కట్టు కట్టే వైద్యుడైనా, శ్రీకాళహస్తి కలంకారీ దుకాణమైనా తీసుకోవచ్చు. కో డాట్ ఇన్, ఆర్గ్ డాట్ ఇన్ కూడా అంతే.

తలుపు వేసి ఉన్నవి కొన్నే. గవ్ డాట్ ఇన్ పేర్లు కేంద్ర ప్రభుత్వ ఐటీ సంస్థ ఎన్‌ఐసీ ఇస్తుంది. ఏసీ డాట్ ఇన్, ఈడీయూ డాట్ ఇన్ విద్యాసంస్థలకు కేంద్ర ఐటీ శాఖ కింది ఎర్నెట్ ఇండియా ఇస్తుంది, గుర్తింపు కాగితాలు చూసి మరీ. తిరుపతి ఐఐటీ చిరునామా ఏసీ డాట్ ఇన్‌తో ముగిసేది అందుకే. అయితే డాట్ కామ్ పెట్టుకున్న కాలేజీలన్నీ దొంగవని కాదు. అక్కడ ఎక్స్‌టెన్షన్ మీకు ఏ భరోసా ఇవ్వదు, గుర్తింపు ఉందో లేదో విడిగా చూసుకోవాలి.

ఈ వరసలో కొత్తగా చేరిన బ్యాంక్ డాట్ ఇన్ నాకు చాలా నచ్చిన నిర్ణయం. 2025 ఏప్రిల్‌లో రిజర్వు బ్యాంకు సర్క్యులర్ ఇచ్చి, బ్యాంకులన్నీ అక్టోబరు 31లోగా దీనికి మారాలంది. ఈ పేర్లు ఇచ్చే అధికారం రిజర్వు బ్యాంకు హైదరాబాదులో నెలకొల్పిన ఐడీఆర్‌బీటీ ఒక్కదానికే ఉంది. అంటే కేవైసీ అప్‌డేట్ చేయమంటూ ఎస్సెమ్మెస్‌లో వచ్చిన లింకు బ్యాంక్ డాట్ ఇన్‌తో ముగియకపోతే నొక్కనక్కర్లేదు. ఇక్కడా చుక్క ముఖ్యం. ‘ఫలానా డాట్ బ్యాంక్ డాట్ ఇన్’ బ్యాంకుకే దొరుకుతుంది. ‘ఫలానా హైఫన్ బ్యాంక్ డాట్ ఇన్’ మామూలు డాట్ ఇన్ పేరు, ఎవరైనా కొనొచ్చు. ఇంట్లో పెద్దవాళ్లకు ఈ ఒక్క తేడా కాగితం మీద రాసి చూపించండి.

అపోహ: ఎక్స్‌టెన్షన్లన్నీ అమెరికా ప్రభుత్వం చేతిలో ఉన్నాయి.

ఒకప్పుడు ఇందులో కొంత నిజం ఉండేది. 1998లో కాలిఫోర్నియాలో పుట్టిన ఐక్యాన్ అనే లాభాపేక్ష లేని సంస్థ ఈ వ్యవస్థను నడుపుతోంది. ఎక్స్‌టెన్షన్లన్నీ ఉండే మూల జాబితాలో మార్పులకు అమెరికా వాణిజ్య శాఖ ఆమోదం కావాల్సి వచ్చేది. 2016 అక్టోబరు 1తో ఆ ఒప్పందం ముగిసింది.

దేశాల ప్రభుత్వాలు ఐక్యాన్‌కు సలహాలిచ్చే గ్యాక్ అనే సంఘంలో కూర్చుంటాయి. 2012లో కొత్త ఎక్స్‌టెన్షన్లకు 1,930 దరఖాస్తులొచ్చాయి, ఒక్కోదానికి రుసుము 1,85,000 డాలర్లు. వాటిలో డాట్ రామ్ ఒకటి. క్రైస్లర్ కంపెనీకి అది ట్రక్కు బ్రాండు. మనకు రాముడి పేరు. దాని మీద, రిలయన్స్ అడిగిన డాట్ ఇండియన్స్ మీద కూడా మన ప్రభుత్వం అభ్యంతరం చెప్పింది. 2013లో డర్బన్ సమావేశంలో గ్యాక్ ఆ రెండు అభ్యంతరాలనూ నమోదు చేసింది. మరోపక్క అమెజాన్ కంపెనీ అడిగిన డాట్ అమెజాన్ వద్దని బ్రెజిల్, పెరూ పట్టుబట్టాయి. గ్యాక్ కూడా 2013లో వద్దంది. ఏళ్ల తరబడి నలిగి 2019లో ఐక్యాన్ బోర్డు కంపెనీ వైపే మొగ్గింది. ప్రభుత్వాల మాటకు బరువుంది గానీ అదే ఆఖరి మాట కాదు.

రెండక్షరాల ఎక్స్‌టెన్షన్లు దేశాలకు, ప్రాంతాలకు చెందినవి. డాట్ ఏఐ కృత్రిమ మేధకు ముద్ర అనుకుంటారు. అది అంగ్విల్లా అనే చిన్న దీవిది. డాట్ టీవీ టువాలుది.

అపోహ: తెలుగులో డొమైన్ పెట్టాలంటే ప్రత్యేక అనుమతి కావాలి.

అక్కర్లేదు. 2014లో దేవనాగరితో మొదలైన డాట్ భారత్ తెలుగు లిపిలోనూ ఉంది, ఎవరైనా తీసుకోవచ్చు. నేను కస్టమర్లను అడిగి మరీ తీయిస్తుంటాను. మన పేరు మన అక్షరాల్లో ఉండటం నాకు ముఖ్యం. అయితే కొన్ని ఫారాలు తెలుగు ఈమెయిల్‌ను ఇంకా ఒప్పుకోవు, అది ముందే చెప్పేస్తాను.

చిత్తూరు వాళ్లకు ఇంకో సంగతి. ముళబాగిలు బస్సు బోర్డు చూస్తే తెలుస్తుంది, కన్నడ అక్షరాలు కొన్ని మనవాటికి ఎంత దగ్గరో. ఎక్స్‌టెన్షన్ల నియమావళిలో అలా ఒకేలా కనిపించే తెలుగు, కన్నడ అక్షరాలను జతలుగా గుర్తించారు. ఒకటి ఒకరికిస్తే దాని జత వేరేవాళ్లకు పోదు. తొమ్మిది భారతీయ లిపుల మీద పనిచేసిన బృందం కష్టం అది.

అపోహ: పేరు ఖాళీగా ఉందంటే వాడుకునే హక్కు వచ్చినట్టే.

‘తిరుపతి లడ్డు’తో పేరు తీసివ్వమని అడిగేవాళ్లున్నారు. ఆ లడ్డుకు 2009లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, హక్కు టీటీడీది. డొమైన్ దొరికినా వివాదంలో చేజారవచ్చు. డాట్ ఇన్ పేర్లకు ఐఎన్‌డీఆర్‌పీ అనే తగవు పద్ధతి ఉంది.

అపోహ: దొంగ సైటు మీద ఐక్యాన్‌కు రాస్తే మూసేస్తారు.

2022లో యుద్ధ సమయంలో రష్యా ఎక్స్‌టెన్షన్ తీసేయమని ఉక్రెయిన్ అడిగితేనే ఐక్యాన్ ఒప్పుకోలేదు. సైటులో ఏముందో చూడటం దాని పని కాదు. 2024 ఏప్రిల్ నుంచి మాత్రం, ఆధారాలతో ఫిర్యాదు వస్తే ఫిషింగ్ సైట్ల (వివరాలు కాజేసే నకిలీ సైట్ల) మీద చర్య తీసుకోవాల్సిన బాధ్యత డాట్ కామ్, డాట్ ఆర్గ్ లాంటి పేర్లు అమ్మే రిజిస్ట్రార్ల ఒప్పందంలోకి చేరింది. ఐక్యాన్ లుకప్ పేజీలో డొమైన్ పేరు కొడితే రిజిస్ట్రార్ ఎవరో, ఫిర్యాదు ఈమెయిల్ ఏదో వస్తుంది.

డబ్బు పోయినవాళ్లు ముందు 1930కి ఫోన్ చేయండి. ఎంత తొందరగా చేస్తే అవతలి ఖాతాలో డబ్బు ఆపే అవకాశం అంత ఎక్కువ. తర్వాత జాతీయ సైబర్‌క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టండి. పూర్తి చిరునామా కనిపించేలా స్క్రీన్‌షాట్, యూపీఐ లావాదేవీ నంబరు, వాళ్లు పంపిన టికెట్ అన్నీ దాచుకోండి. సిగ్గుపడి ఆ మెసేజీలు తుడిచేయకండి, పోలీసులకు కావాల్సింది అవే.