గేమ్‌లో క్షుద్ర విద్య: నేను రోజూ వినే అపోహలు, అసలు వాస్తవాలు

కొన్నేళ్లుగా డంజన్స్ అండ్ డ్రాగన్స్ నడిపిస్తున్నా, తలా ఒక పాత్ర తీసుకుని టేబుల్ చుట్టూ కూర్చుని ఆడే కథల గేమ్ అది, నేను గేమ్ మాస్టర్‌ని, అంటే కథ నడిపే మనిషిని. కొత్తగా వచ్చిన ప్లేయర్లలో చాలామంది ముందు అడిగేది నెక్రోమాన్సర్ (శవాల్ని లేపే మంత్రగాడు) ఆడొచ్చా అనే. ఆడొచ్చు, నాకేం అభ్యంతరం లేదు, కాకపోతే ఇవి చదివి రండి.

అపోహ: శవం వట్టి బొమ్మ, లేపి పని చేయించుకుంటే ఎవరికి నష్టం?

వాస్తవం: 2014 రూల్‌బుక్‌లోనే ఉంది, శవాల్ని లేపడం మంచి పని కాదు, దుర్మార్గులే దాన్ని తరచూ వాడతారు అని. ఎందుకో శవాల్ని లేపే యానిమేట్ డెడ్ స్పెల్ (మంత్రం) చదివితే తెలుస్తుంది. లేచిన అస్థిపంజరం మీ మాట వినేది 24 గంటలే, ఆలోపు మళ్లీ స్పెల్ వేయకపోతే అదేం కూలిపోదు, మాట వినడం మానేస్తుంది అంతే, ఇక బతికున్నోళ్ల మీద పడుద్ది. మీరు జైల్లో పడ్డా, స్పృహ తప్పినా, స్లాట్లు (ఎన్నిసార్లు మంత్రం వేయొచ్చో ఆ లెక్క) అయిపోయినా ఆ రాత్రి చచ్చేది పక్కింటోళ్లు.

మా టేబుల్ మీద ఒకతను చనిపోయిన రైతుని లేపి మూటలు మోయించాడు. కథలో ఊరి గేటు దగ్గర నేనొక చిన్న పిల్లని పెట్టా. ఆ శవం ఎడమ చేతికి చిటికెన వేలు లేకపోవడం చూసి "నాన్నా" అంటూ పరిగెత్తుకొచ్చి ఆ చెయ్యి పట్టుకుంది. అది తల కూడా తిప్పలేదు, మూట మొయ్యమన్నారు తప్ప ఇంకేం చెప్పలేదుగా. డైస్ చేతిలో పట్టుకుని అందరూ అలా ఉండిపోయారు.

అపోహ: చెడ్డ మంత్రం వేసిన పాత్రకి పాయింట్లు కోస్తే పాపం లెక్క తీరిపోయినట్టే.

వాస్తవం: 1981లో వచ్చిన కాల్ ఆఫ్ కథూలు అనే హారర్ గేమ్‌లో మంత్రం వేస్తే శానిటీ (మతి స్థిమితం పాయింట్లు) తగ్గుద్ది, భయానికి అది బాగా పనిచేస్తుంది, నాకు చాలా ఇష్టం కూడా. కానీ అది వేసినోడు కట్టే ధర. ఆ పిల్లకి జరిగింది ఏ షీట్‌లో (పాత్ర వివరాల కాగితంలో) రాస్తాం?

అపోహ: మనసు లొంగదీసే స్పెల్స్‌లో రక్తం ఉండదు కాబట్టి పర్లేదు.

వాస్తవం: నా లెక్కలో ఇవే ఎక్కువ ప్రమాదం. చార్మ్ పర్సన్ వేస్తే కాపలావాడు గంటసేపు మిమ్మల్ని తెలిసినవాడిలా చూస్తాడు, గంట అయ్యాక మీరే మంత్రం వేశారని వాడికి తెలిసిపోతుంది, ఇది కూడా రూల్‌లోనే ఉంది. మీరు లోపలికెళ్లి పని చూసుకుని పోతారు, తలుపు తీసింది తన చేతులే అని బతికినంతకాలం గుర్తుపెట్టుకునేది వాడు.

అపోహ: ఇవి ఆడితే మనుషులు నిజంగానే చెడిపోతారు.

వాస్తవం: 1980లలో అమెరికాలో ఇదే పెద్ద గోల, రుజువైంది మాత్రం ఏమీ లేదు. టేబుల్ దగ్గర కూర్చున్న మనిషికి నొప్పి తగలడం మాత్రం నిజం. ఆ రైతు సెషన్ అయ్యాక ఇంకో ప్లేయర్ మెసేజ్ పెట్టాడు, వాళ్ల నాన్న పోయి రెండు నెలలేనట. అది పూర్తిగా నా తప్పు, ముందే అడగాల్సింది. ఇప్పుడు కథ మొదలెట్టకముందే ఒక్కొక్కరిని విడిగా అడుగుతా, ఏది వద్దో చెప్పండి, కారణం చెప్పక్కర్లేదు అని. తండ్రి శవం వద్దంటే ఆ కథలో తండ్రి శవం ఉండదు.