ఒంట్లో ఏదో అవుతోందంటే నాటకమేనా? కొన్ని అపోహలు, వాస్తవాలు

"డాక్టర్ గారూ, పుర్రె లోపల ఎవరో తీగ పట్టి లాగుతున్నట్టు ఉంటుందట వీడికి. స్కాన్ తీయించాం, ఏమీ లేదన్నారు. అయినా అదే మాట." సైకియాట్రిస్టుగా నాకిది అలవాటైన మాట. చెప్పేది తల్లో, అన్నో, భార్యో. ఆ బాధ పడుతున్న మనిషి మాత్రం పక్కనే తల వంచుకుని కూర్చుంటాడు, ఎందుకంటే ఇంట్లో ఆ మాటకి విలువ పోయి చాలా రోజులైంది.

అపోహ: రిపోర్టులన్నీ నార్మల్ అంటే బాధ లేనట్టే.

స్కాన్‌లో గడ్డ కనిపిస్తుంది, నొప్పి కనిపించదు. పానిక్ అటాక్ సంగతే చూడండి. గబగబా ఊపిరి తీసేసరికి రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గి, వేళ్లకీ పెదాల చుట్టూ తిమ్మిరి ఎక్కుతుంది. అది ఊహ కాదు, కానీ ఏ ఎక్స్‌రేలోనూ దొరకదు. డిప్రెషన్‌లో ఒళ్లునొప్పులూ అంతే. మానసిక జబ్బుల నిర్ధారణకి డాక్టర్లు వాడే పుస్తకం డీఎస్ఎం-5 2013లో వచ్చింది, అందులో శారీరక లక్షణాల రుగ్మతకి "వైద్యపరంగా కారణం దొరకకూడదు" అనే షరతే తీసేశారు. ఆ బాధ గురించిన ఆలోచనలు, భయం ఆ మనిషి రోజుని ఎంత తినేస్తున్నాయన్నదే ఇప్పుడు చూస్తాం.

అపోహ: మానసిక జబ్బు ఉంది కదా, ఇదీ దాని వల్లే.

నాకు అన్నిటికన్నా కోపం తెప్పించేది ఇదే, డాక్టర్లం కూడా ఈ తప్పు చేస్తాం కాబట్టి. పాత ఫైలు మీద స్కిజోఫ్రీనియా అని కనపడగానే చాలామంది వినడం మానేస్తారు. అరికాళ్ల మంటకి షుగరో, బీ12 లోపమో కారణం కావచ్చు. గుండె దడకి థైరాయిడ్ కావచ్చు. తీవ్రమైన మానసిక జబ్బులున్నవాళ్లు మిగతావాళ్లకన్నా 10 నుంచి 20 ఏళ్లు ముందే చనిపోతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది, అందులో ఎక్కువ భాగం నివారించగలిగిన శారీరక జబ్బుల వల్లే. వాళ్లకి ఛాతీలో నొప్పి వస్తే అందరికీ చేయించినట్టే ఈసీజీ చేయించాలి.

అపోహ: మందులు జబ్బు తగ్గిస్తాయి, ఈ బాధలకీ వాటికీ సంబంధం లేదు.

ఉంది, చాలానే ఉంది. ఒక కుర్రాడు నా ఎదురుగా కుర్చీలో కూర్చుని చెప్పులు విప్పడం, తొడగడం, లేచి తలుపు దాకా వెళ్లి రావడం, మళ్లీ కూర్చుని పాదాలు నేలకేసి రాయడం. కాళ్ల లోపల ఏదో మరుగుతోంది అన్నాడు. ఇంట్లోవాళ్లు టెన్షన్ ఎక్కువైందన్నారు, నేనూ నమ్మి డోసు పెంచాను. రెండు వారాలకి అతను రాత్రంతా నడుస్తూనే ఉంటున్నాడని చెప్పాక వెలిగింది, అది అకథీసియా, స్కిజోఫ్రీనియా లాంటి జబ్బులకి వాడే యాంటీసైకోటిక్ మందు, నేనిచ్చిందే, దాని వల్లే వచ్చింది. డోసు తగ్గించి ప్రొప్రనలాల్ ఇచ్చాక కుదురుగా కూర్చున్నాడు. ఒకచోట నిలవలేని ఈ బాధ భరించలేక ప్రాణం తీసుకోవాలనుకునేవాళ్లూ ఉంటారు, అందుకే ఓపిక పట్టమని చెప్పి పంపేసే విషయం కాదిది. యాంటీసైకోటిక్ మందులు వాడేవాళ్లకి ఒళ్లు కట్టెలా బిగుసుకుని జ్వరం, అయోమయం వచ్చినా, లిథియం వాడేవాళ్లకి వాంతులు, విరేచనాలతో పాటు చేతులు బాగా వణికి నడక తూలినా, అపాయింట్‌మెంట్ దాకా ఆగకుండా ఎమర్జెన్సీకి తీసుకెళ్లాలి.

అపోహ: ఒంట్లో పురుగులు పాకుతున్నాయనేవాళ్లకి అవి లేవని చూపిస్తే ఆ నమ్మకం పోతుంది.

పోదు. చర్మం కింద పురుగులు పాకుతున్నాయనే గట్టి నమ్మకం గురించి స్వీడన్ డాక్టర్ కార్ల్ ఎక్‌బోమ్ 1938లోనే రాశాడు. ఇలాంటివాళ్లు డబ్బాలో పొలుసులు, దారప్పోగులు దాచి తెచ్చి చూపిస్తారు. వాదిస్తే ఆ డబ్బా మీకు చూపించడం మానేస్తారు, అంతే. "నాకైతే పురుగులు కనిపించట్లేదు, కానీ ఆ దురదకి నీకు నిద్ర లేదని తెలుస్తోంది" అంటే అబద్ధమాడినట్టూ కాదు, కొట్టిపారేసినట్టూ కాదు. మద్యం ఉన్నట్టుండి మానేసిన రోజుల్లో కూడా పురుగులు పాకినట్టు అనిపించవచ్చు. అది ప్రమాదం, ఆలస్యం చేయకూడదు.

అపోహ: గుచ్చి గుచ్చి అడిగితే ఇంకా ఎక్కువవుతుంది.

గంటకోసారి "ఇప్పుడెలా ఉంది?" అని అడిగితే నిజమే, మనసంతా దాని మీదే ఉంటుంది. రోజుకోసారి ఎక్కడ, ఎప్పుడు, ఎంతసేపు అని అడిగి రాసుకోవడం వేరు. ఒకావిడ భర్తకి తలలో కరెంటు షాక్ కొట్టినట్టు ఉండేది. లావుపాటి స్కాన్ల ఫైలుతో పాటు నోటుబుక్కులో చింపిన ఒక కాగితం తెచ్చిందావిడ. షాక్ వచ్చిన తేదీలు ఒక వరసలో, డిప్రెషన్‌కి వాడే వెన్లాఫాక్సిన్ మాత్ర మర్చిపోయిన రోజులు పక్క వరసలో. రెండు వరసలూ దాదాపు ఒకటే. ఫైలు విప్పాల్సిన పని లేకపోయింది.