పత్తి కట్టెను కాల్చకుండా పాతిపెడితే

పత్తి ఏరడం అయిపోయాక మహారాష్ట్రలోని చంద్రపూర్ జిల్లా రాజురా, కోర్పనా వైపు చేలల్లో పొగ లేస్తుంది. ఒకప్పుడు ఆదిలాబాద్ జిల్లాలోనే ఉన్న ప్రాంతమిది, తెలుగు ఇళ్లు చాలా ఉన్నాయి. వేళ్లకు మట్టి పట్టిన కట్టెను, విచ్చుకోని ఎండు కాయలతో సహా గట్టు మీద కుప్పేసి అంటిస్తారు. రైతును తప్పుపట్టలేం. కట్టె చేనులోనే ఉంటే గులాబీ రంగు పురుగు ఆ కాయల్లో దాక్కుని వచ్చే పంట మీద పడుతుంది. హెక్టారుకు 2 నుంచి 3 టన్నుల కట్టె వస్తుంది. పొయ్యిలోకి పోయేది పోగా మిగిలిందంతా అగ్గిపాలే.

అదే జిల్లాలో నేల అడుగున బొగ్గు ఉంది. 25 కోట్ల ఏళ్ల కిందటికి ముందే గ్లాసాప్టెరిస్ లాంటి చెట్లు బురదలో పూడి, గాలి తగలక కుళ్లకుండా మిగిలిన కార్బన్ అది. దాన్ని తవ్వి కరెంటు కోసం మండిస్తున్నాం. ఆ కార్బన్ కార్బన్ డయాక్సైడ్‌గా గాలిలో కలిసి భూమిని వేడెక్కిస్తోంది. పైనున్న కట్టెనైనా నేలలోకి పంపలేమా?

ఈ ఆలోచనకు బలం ఉంది. గాలిలో కార్బన్ డయాక్సైడ్ పది వేల పాళ్లలో 4 పాళ్లే. యంత్రాలతో దాన్ని ఏరి పట్టాలంటే కరెంటు, వేడి విపరీతంగా కావాలి. ఆ కష్టమైన పనిని మొక్క ఎండతోనే చేసేస్తుంది. ఎండు కట్టె బరువులో దాదాపు 45 శాతం కార్బన్. అంటే టన్ను కట్టెలో సుమారు 1.6 టన్నుల కార్బన్ డయాక్సైడ్‌కు సరిపడా కార్బన్ ఉన్నట్టు. అది కుళ్లకుండా చూడటమే మన పని.

అది సాధ్యమేనా? కెనడాలోని క్యూబెక్‌లో రెండు మీటర్ల లోతున, బంకమట్టి కింద దొరికిన ఒక దుంగ వయసు 3,775 ఏళ్లు. శాస్త్రవేత్త నింగ్ జెంగ్ బృందం 2024లో ప్రచురించిన పరిశోధన ప్రకారం అందులోని కార్బన్‌లో 5 శాతం కూడా పోలేదు. అంతకుముందు ఏడాది ఎలీ యబ్లోనోవిచ్, హ్యారీ డెక్‌మన్ అనే శాస్త్రవేత్తలు ఇంకో దారి చెప్పారు: పంటను ఎండబెట్టి, ఉప్పు కలిపి, మందపాటి ప్లాస్టిక్ పొరల మధ్య మూసి పాతిపెట్టడం. ఉప్పు పట్టించి ఎండబెట్టిన చల్ల మిరపకాయలు ఏడాదైనా పాడుకాకపోవడానికి కారణమేదో ఇక్కడా అదే. వాడుకోవడానికి నీరు చిక్కకపోతే సూక్ష్మజీవులు పెరగలేవు. చంద్రపూర్ మే నెల ఎండ 45 డిగ్రీలు దాటుతుంది కాబట్టి ఎండబెట్టడానికి పైసా ఖర్చుండదు.

చిక్కంతా నేలతోనే. రేగడి బంకమట్టే అయినా వేసవిలో చెయ్యి దూరేంత పగుళ్లిస్తుంది. ఆ పగుళ్లలోంచి గాలి, తొలి వానలకు నీళ్లు దిగుతాయి. తడిసిన కట్టె కుళ్లితే మీథేన్ రావచ్చు, అది వేడిని కార్బన్ డయాక్సైడ్ కంటే ఎన్నో రెట్లు ఎక్కువగా పట్టి ఉంచుతుంది. కాబట్టి మామూలు గుంత తవ్వి పూడిస్తే సరిపోదు. అడుగునా పైనా పొర వేసి మూయాలి. పాత బొగ్గు గనుల గోతుల్లో నీళ్లు నిలుస్తాయి కనుక అవీ ఉన్నవి ఉన్నట్టు పనికిరావు.

కట్టె గుల్లగా ఉంటుంది, లారీ నిండినా బరువు తూగదు. దూరం మోస్తే డీజిల్ పొగతో లాభం తగ్గుతుంది. అందుకే చేను దగ్గరే ముక్కలు చేసి అదిమి కట్టలు కట్టాలి, పాతే చోటు కూడా ఆ చుట్టుపక్కలే ఉండాలి. కట్టెతో పాటు చేను పొటాష్ లాంటి పోషకాలనూ కోల్పోతుంది. ఆ ఎరువు ఖర్చు, పీకిన కూలి రెండూ కట్టెకు రైతుకిచ్చే ధరలో కలిపి తీరాలి. ముందు ఒక్క తాలూకాలో మొదలుపెట్టి, పాతిన చోట తేమ, మీథేన్ ఏటా కొలిచి, ఆ లెక్కలు గ్రామసభలో రైతుల ముందు పెట్టాలి.